భార్యనని చెప్పుకుంటున్న వ్యక్తి

పెళ్ళయి పదహారు రోజులైనా భర్తను ఏమని పిలవాలో ఆమెకింకా తేలలేదు. పేరు పెట్టి పిలవమని అతనే అన్నాడు. "పోనీ, నువ్వు అను చాలు" అని బతిమాలాడు కూడా. నోరు తిరగలేదు. "ఏవండీ" అంటే అతను కావాలనే వెనక్కి తిరిగి, ఇంకెవర్నో పిలిచినట్టు వీధంతా వెతికేవాడు. ఆమెకు నవ్వొచ్చేది, ఒళ్ళూ మండేది. చివరికి చొక్కా అంచు పట్టుకుని లాగడం అలవాటు చేసుకుంది.

అందుకే ప్రయాణంలో ఏడో రోజు పొద్దున, ఆ పరాయి ఊరి బస్టాపులో అతను ఛాతీ పట్టుకుని కూలబడినప్పుడు, ఏమని అరవాలో కూడా ఆమెకు తెలియలేదు.

అప్పటిదాకా అంతా బాగానే ఉంది. ఆమె మేనమామ పెళ్ళి కానుకగా పంపిన ప్రయాణం అది. పోనూ రానూ టిక్కెట్లు, సముద్రానికి రెండు వీధుల అవతల హోటల్లో గది, సరిగ్గా పది రోజులకు వీసా. ఆరు రోజులు తెగ తిరిగారు. అతను ఆరడుగుల రెండంగుళాల మనిషి, సన్నగా, ఎండిన కొమ్మలా ఉంటాడు. ఆమె అతని భుజానిక్కూడా అందదు. పెళ్ళి పందిట్లోనే చుట్టాలు వీళ్ళకి "నిచ్చెనా పీటా" అని పేరు పెట్టేశారు. తండ్రితో కలిసి కళ్ళద్దాల షాపు నడుపుతాడు కాబట్టి, దారిలో ఎవరెదురైనా ముందు వాళ్ళ కళ్ళజోడు చూసేవాడు. "ఆ పెద్దాయన ఫ్రేము వంకరగా ఉంది చూడు. పిలిచి సరిచేసి పంపనా?" అనేవాడు. ఆమె చొక్కా లాగేది.

ఏడో రోజు బజారు పని పెట్టుకున్నారు. అత్తగారికి శాలువా, మామగారికి చేతికర్ర, మరిదికి బూట్లు, ఆమె ఆఫీసులో వాళ్ళకి పంచడానికి గొడుగులు కొన్నారు. సంచులన్నీ అతనే మోశాడు. బస్టాపు దగ్గరికి రాగానే, "ఏంటో, ఎడమ పక్క పొడిచినట్టుంది" అన్నాడు.

"నాలుగు గొడుగులు మోసినందుకేనా? ఇంకా హోటలు దాకా మోయాలి మీరు" అంది ఆమె.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. అతను నవ్వబోయాడు, ఊపిరి అందలేదు. పెదవులు తెల్లబడ్డాయి. సంచులు జారిపోయాయి. బస్టాపు కడ్డీ పట్టుకుని మెల్లగా, నిచ్చెన ఒరిగినట్టే, నేలమీదికి దిగిపోయాడు.

పక్కన నిలబడ్డ ఒకావిడ తన బుట్ట కింద పెట్టి ఫోను చేసింది. ఆవిడ ఎవరో, ఏం చెప్పిందో తెలియదు. పది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. చేతికర్ర బస్టాపులోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. నడివయసు డాక్టరమ్మ వచ్చి, ఆచితూచి ఇంగ్లీషులో మాట్లాడుతూ, కాగితం మీద రెండు ఊపిరితిత్తులు గీసింది. ఎడమదాని పైభాగంలో చిన్న సున్నా చుట్టి, దాన్ని పెన్నుతో కొట్టేసింది.

"ఇక్కడ బుడగలాంటిది పగిలింది. లోపలి గాలి బయటికి కారి, ఊపిరితిత్తిని నొక్కేసింది. సన్నగా పొడుగ్గా ఉన్న మగపిల్లల్లో ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఆయన తప్పేమీ లేదు, మీ తప్పూ లేదు."

"ప్రాణానికేమీ..."

"గొట్టం వేశాం. ప్రమాదం దాటినట్టే."

ఆమెకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. "ఎల్లుండి కాక మర్నాడు మా విమానం. అప్పటికి నడవగలరా?"

డాక్టరమ్మ పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకుంది. "విమానమా? పైకెళ్ళాక లోపల చిక్కిన గాలి ఉబ్బుతుందమ్మా. ముందు ఈ కారడం ఆగాలి. ఆగాక మూడు వారాలు ఆగాలి. అంతకు ముందు ఏ విమానం వాళ్ళూ ఎక్కించుకోరు, నేనూ ఎక్కనివ్వను."

అతన్ని ఆరు మంచాల గదిలో కిటికీ పక్కన పడుకోబెట్టారు. కాళ్ళు మంచం దాటి బయటికొచ్చాయి. ఛాతీ పక్కనుంచి దిగిన గొట్టం నేలమీది ప్లాస్టిక్ పెట్టెలోకి వెళ్ళింది. అందులో సగం దాకా నీళ్ళు. అతను ఊపిరి వదిలినప్పుడల్లా నీళ్ళలో బుడగలు లేచేవి. బుడగలు ఆగితే లోపలి చిల్లు పూడినట్టని నర్సు సైగలతో చెప్పింది. ఆ రోజంతా ఆమె స్టూలు మీద కూర్చుని ఆ నీళ్ళకేసే చూసింది.

"రెండు చేపల్ని కూడా వేస్తే బాగుండేది" అన్నాడు అతను, గొంతు గాలిలో కలిసిపోతుంటే.

"మాట్లాడకండి."

"నువ్వు మాట్లాడు మరి."

ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. పదహారు రోజుల మనిషి. పప్పులో ఉప్పు ఎక్కువ కావాలంటాడని తెలుసు, నిద్రపోతే నోరు తెరుచుకుని సన్నగా ఈల వేస్తాడని తెలుసు. ఏ మందు పడదో, చిన్నప్పుడు ఏ జబ్బు చేసిందో నర్సు అడిగితే మాత్రం తెల్లమొహం వేసింది. అత్తగారికి ఫోను చేసి అడగాల్సి వచ్చింది. అలా అడగడంలోనే ఇంటికి సంగతి చెప్పాల్సి వచ్చింది.

అత్తగారు ఏడవలేదు. మందు పేరు చెప్పింది. ఆరో తరగతిలో కామెర్లొచ్చాయని చెప్పింది. ఆ తర్వాత, "నువ్వున్నావు కదమ్మా దగ్గర. అదే నా ధైర్యం" అంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని ఆమె వీసా ఆఫీసుకి వెళ్ళింది. పొడుగాటి హాలు, టోకెను నంబర్లు, గాజు పలకల వెనక మనుషులు. రెండు గంటలకు ఆమె నంబరు పిలిచారు. కౌంటరు వెనకున్న అధికారికి నలభై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. రోగికి నలభై రోజులు గడువు పొడిగిస్తూ అక్కడికక్కడే ముద్ర వేశాడు.

"మరి నాకు?"

"మీరు ఆయనకేమవుతారు?"

"భార్యని."

"వివాహ ధ్రువపత్రం ఇవ్వండి."

లేదు. పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, తండ్రి పేరే ఉంది. ఉత్తరంలో డాక్టరమ్మ తనకు తెలిసినంత నిజాయితీగా, "రోగి వెంట అతని భార్యనని చెప్పుకుంటున్న వ్యక్తి ఉన్నారు" అని రాసింది. అధికారి ఆ వాక్యం కింద వేలుపెట్టి చూపించాడు.

ఆమె ఫోను తీసి పెళ్ళి ఫోటోలు చూపించింది. వీడియో పెట్టింది. అధికారి మొహమాటానికి కాదు, నిజంగానే చూశాడు. దండలేసుకున్న పొడుగాటి మనిషిని చూసి చిన్నగా నవ్వాడు. తర్వాత ఆమె మొహంకేసి, ఫోనుకేసి మార్చి మార్చి చూసి, "ఇందులో మీరెవరు?" అన్నాడు.

ఆ అలంకారం, ఆ పూలు, ఆ దీపాల వెలుగు. ఇక్కడేమో రెండు రోజులుగా తల దువ్వుకోని మనిషి. "ఇదిగో, నేనే" అని వేలుపెట్టి చూపించుకోవాల్సి వచ్చింది.

"నేను నమ్ముతున్నానమ్మా" అన్నాడు అతను. "నేను నమ్మితే సరిపోదు. ఒక కాగితం ఉండాలి. మీ ఊరినుంచి తెప్పించుకోండి."

"ఆ కాగితం కావాలంటే ఇద్దరం కలిసి వెళ్ళి సంతకాలు పెట్టాలండీ. అక్కడ. మా ఊళ్ళో."

అధికారి లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి గాజు పలక కింది సందులోంచి జరిపాడు. "గడువు దాటి ఒక్క రోజున్నా మిమ్మల్ని వేరే చోట ఉంచుతారు. ఆసుపత్రిలో కాదు. అక్కడినుంచి ఆయన్ని చూడ్డానికి కూడా కుదరదు. దయచేసి ఆ పని చేయకండి."

ఆ నీళ్ళు తాగుతుంటే ఆమెకు వింతగా అనిపించింది. ఆమె పనిచేసేది మున్సిపల్ ఆఫీసులో, జనన మరణ ధ్రువపత్రాల విభాగంలో. ఆరేళ్ళుగా కిటికీ వెనక కూర్చుని, "కాగితం లేకుండా నేనేం చేయగలనండీ" అని ఎంతమందితో అందో. కసురుకోలేదెప్పుడూ. ఇతనిలాగే మర్యాదగా చెప్పింది. పెళ్ళి రిజిస్ట్రేషను మాటా ముందు తనే ఎత్తింది. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరగాలి, ప్రయాణం పెట్టుకుని ఎందుకు, "వచ్చాక చూసుకుందాంలే" అన్నాడు భర్త. సరేనంది. ఊరందరి కాగితాలూ సరిచూసే మనిషి తన కాగితం మర్చిపోయిందని ఎవరికి చెప్పుకోవాలి?

తమ దేశపు రాయబార కార్యాలయానికి ఫోను చేసింది. ముందు మెషిను మాట్లాడింది. ఆపైన ఒక మనిషి దొరికాడు. తెలుగు కాదుగానీ, ఆప్యాయంగానే మాట్లాడాడు. భార్యాభర్తలమని ప్రమాణపత్రం రాసిస్తే సాయం చేయొచ్చునన్నాడు. సోమవారం రమ్మన్నాడు. ఆమె గడువు శనివారంతో సరి.

"అంతకన్నా ముందు కుదరదా అన్నయ్యగారూ?" అంది ఏ భాషలోనో మర్చిపోయి.

సెలవులమ్మా అన్నాడు.

తొమ్మిదో రోజు ఇంటినుంచి మరిది ఫోను చేశాడు. "వదినా, నేనొస్తున్నా. అన్ని కాగితాలూ పెట్టేశాను. ఆరు రోజుల్లో వీసా వస్తుందంటున్నారు. మీరు ఎలాగోలా ఆ ఆరు రోజులు నెట్టుకురండి."

"నెట్టడానికి లేదురా నాన్నా. రేపు మధ్యాహ్నం దాకానే నాకు."

మరిది చేతిలోంచి అత్తగారు ఫోను తీసుకున్నట్టుంది. "వాణ్ణలా ఒక్కణ్ణీ వదిలేసి ఎలా వస్తావమ్మా?" అంది.

అది నిష్ఠూరం కాదు. నిజంగానే అడిగింది, ఎలాగో తెలియక. వెనకనుంచి మామగారి గొంతు వినపడింది. "పిల్లనేమీ అనకు. దాన్నేమీ అనకు." అత్తగారు, "నేనేమన్నానండీ" అని అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆమె అతని మంచం పక్కన నిలబడి, "నేను వెళ్ళను" అంది. "ఎక్కడ పెడతారో పెట్టుకోనీండి."

"పెడితే?"

"పెట్టనీండి."

"నువ్వొక చోట, నేనొక చోట. మా తమ్ముడొచ్చి ముందు ఎవర్ని విడిపిస్తాడు?" ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడు. పెట్టెలో బుడగలు గబగబా లేచాయి. "నీ ఉద్యోగం పోతుంది. పాస్‌పోర్టు మీద నల్ల ముద్ర పడుతుంది. ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు."

తెలుసు. తెలియని మనిషైతే మొండికేసి కూర్చునేది. అన్నీ తెలిసినదాన్నవడమే ఖర్మ అనిపించింది.

అప్పుడిక చేయగలిగింది చేసింది. హోటలు గది ఖాళీ చేసి, అతని సామానంతా ఒక సూట్‌కేసులో సర్ది, మంచం కింద పెట్టింది. నర్సులందరికీ ఇంగ్లీషు రాదు కనుక అట్టముక్కల మీద బొమ్మలు గీసింది. నీళ్ళ గ్లాసు, దిండు, దుప్పటి. నొప్పికి ఛాతీ మీద మెరుపుతీగ గీసింది. పక్కన అక్కడి భాషలో మాట రాసిమ్మని గది తుడిచే ఆవిణ్ణి అడిగింది. ఆవిడ చేతులు తుడుచుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసిచ్చింది.

అతను అట్టముక్కలు తిరగేసి చూశాడు. "ఇదేంటి, గాడిదా?"

"అది మీరు. కూర్చోబెట్టమని."

నవ్వితే నొప్పి పుట్టింది. నవ్వు మధ్యలోనే మొహం ముడుచుకుపోయింది. ఆమె చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక దిండు సర్దింది.

మర్నాడు పదిన్నరకు ఆమె బయల్దేరాలి. తొమ్మిదింటికి వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ చూసి వెళ్ళింది, బుడగలింకా ఆగలేదని చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఆ ఉత్తరంలో భార్య అనే రాయాల్సింది నేను" అంది. రాసినా ఒరిగేదేమీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

పదింటికి అతను, "నాకు నిద్రొస్తోంది. నువ్వు బయల్దేరు, మళ్ళీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కూర్చునే ఉంది. ఈల వినపడలేదు. నోరు మూసే ఉంది. కనురెప్పలు అదురుతున్నాయి. నిద్ర నటిస్తున్నాడని తెలిసిపోయింది. మేలుకుని ఉంటే తను కదలదని అతను కనిపెట్టినట్టున్నాడు. కళ్ళు తెరిపిద్దామనుకుంది. తెరిపించి ఏం చెప్పాలి? జాగ్రత్త అనా? త్వరగా రమ్మనా? అతని చేతిలో ఏముందని? నటన ఆపమని చెప్పే ధైర్యం కూడా లేక, దుప్పటి కాళ్ళ దాకా లాగింది. ఎంత లాగినా పాదాలు బయటే ఉన్నాయి. సంచీలోంచి అత్తగారి శాలువా తీసి పాదాల మీద కప్పి, స్టూలు చప్పుడవకుండా జరిపి, వచ్చేసింది.

విమానంలో పక్క సీటు అతనిది. తలుపులు మూశాక ఎవరో పెద్దమనిషి వచ్చి, ఇది ఖాళీయేనా అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన కూర్చుని, బెల్టు పెట్టుకుని, హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్న విమానాశ్రయం బయట అత్తగారు, మామగారు, మరిది నిలబడి ఉన్నారు. పూల దండలేం లేవు, తీసుకురావడానికి ఎవరికి చేతులొస్తాయి. తలుపు తీసుకుని కోడలు బయటికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకుంది. అయినా ఆమె కళ్ళు కోడలి భుజం మీదుగా వెనక తలుపుకేసి పోయాయి. రాడని తెలుసు. ఎందుకు రాడో అందరికన్నా బాగా తెలుసు. అయినా చూసింది. తలుపు మూసుకునేదాకా చూసింది. అప్పుడు, "పద తల్లీ, ఏమైనా తిన్నావా?" అంది.

అత్తవారింట్లో ఆమె అప్పటికి ఉన్నది మూడంటే మూడు రోజులు. పంచదార డబ్బా ఏదో తెలియదు. బాత్‌రూములో వేడినీళ్ళ కొళాయి ఎటు తిప్పాలో తెలియదు. ఇదివరకైతే అతన్ని అడిగేది. ఇప్పుడు అతని గదిలో, అతని పుస్తకాల మధ్య, ఇంటికొచ్చిన చుట్టంలా ముడుచుకుని పడుకుంది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు పలకరించడానికి వచ్చి, "ఒక్కదానివే వచ్చావా?" అని అడిగారు. ఎన్ని మాటల్లో చెప్పినా, చివరికి వాళ్ళ మొహాల్లో ఆ ఒక్క ముక్కే మిగిలేది. ఒక్కతే వచ్చేసింది.

రోజుకు రెండుసార్లు ఫోను చేసేది. అతను "బాగున్నాను" అనేవాడు. అట్టముక్కలు పనికొస్తున్నాయనేవాడు. నాలుగో రోజు ఫోను తీయలేదు. పొద్దున తీయలేదు, మధ్యాహ్నం తీయలేదు. ఆసుపత్రికి చేస్తే, రోగికి మీరేమవుతారని అడిగి, వాళ్ళ భాషలో ఏదో చెప్పి పెట్టేశారు. అత్తగారు వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడిపోయింది, పొయ్యి మీద పెట్టడం మర్చిపోయి. మామగారు షాపు తెరిచి, అరగంటలో మూసేసి వచ్చారు. మరిది వీసా పని మీద బయటికెళ్ళాడు, మిగతా ముగ్గురూ ముందుగదిలో ఫోను చుట్టూ కూర్చున్నారు. దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప చేయడానికి ఇంట్లో పనే లేనట్టు.

సాయంత్రం ఆరింటికి మోగింది.

"ఆపరేషన్ చేశారు" అన్నాడు అతను. గొంతు ఎక్కడో లోతులోంచి వచ్చింది. "బుడగలు ఆగలేదు. ఇవాళే చేయాలన్నారు. మనవాళ్ళ సంతకం కావాలన్నారు. ఎవరూ లేరన్నాను. నేనే పెట్టేశాను."

"నాకు ఫోను చేయొచ్చు కదా!"

"చేసి?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. "నువ్వేం చేస్తావు పాపం."

ఆమె ఫోను అత్తగారి చేతిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి గట్టున కూర్చుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి మామగారు వచ్చి, కొంచెం దూరంలో నిలబడ్డారు. ఏడుపు ఆగేదాకా నిలబడే ఉన్నారు.

ఆపరేషను బాగానే జరిగింది. వీసా రాగానే మరిది వెళ్ళాడు, అన్నకు అన్నం తినిపించాడు, నడిపించాడు. ఆపరేషనయిన ఇరవై ఎనిమిదో రోజున ఇద్దరూ తిరిగొచ్చారు. అతను ఇంకా సన్నబడ్డాడు. ఎడమ భుజం కొంచెం వంచి నడుస్తున్నాడు. విమానాశ్రయంలో అందరూ అతని మీద పడ్డారు. ఆమె వెనకే నిలబడింది. అతను అందరి తలల మీదుగా ఆమెను చూసి తలూపాడు, చాలాకాలం కిందట పరిచయమైన మనిషిని గుర్తుపట్టినట్టు. ఆమె కూడా తలూపింది.

ఇంటికొచ్చాక అన్నం వడ్డించింది. పప్పులో ఉప్పు కొంచెం ఎక్కువే వేసింది. మిగతావాళ్ళు లేచి వెళ్ళారు. ఆమె ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ లోపల నలుగుతున్న మాట అడిగింది.

"ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చినప్పుడు... పక్కన ఎవరున్నారు?"

అతను ముద్ద కలుపుతూ ఆలోచించాడు.

"ఎవరో ఉన్నారు."

"నీళ్ళు ఎవరిచ్చారు?"

"ఎవరో ఇచ్చారు. గుర్తులేదు" అన్నాడు. ఆ పైన, "పప్పు బాగుంది" అన్నాడు.

గుర్తులేదో, చెప్పడం ఇష్టం లేదో ఆమెకు తెలియలేదు. తర్వాత కూడా ఎప్పుడూ తెలియలేదు. ఆమె ఇంకొంచెం పప్పు వడ్డించింది. అతను వద్దనలేదు.